5 హెచ్‌పీ బోరు మోటారుకు ఏ వైరు వేయాలి, ఏ రక్షణ పెట్టాలి?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను, తేడా ఉంటే సరిచేయండి. నర్సంపేట దగ్గర మిర్చి, పత్తి వేస్తున్నారు. బోరు లోతు 300 అడుగులు, 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారును 260 అడుగుల్లో దించారు. కరెంటు స్తంభం నుంచి స్టార్టరు డబ్బాకు 150 మీటర్లు, డబ్బా నుంచి మోటారుకు సుమారు 90 మీటర్లు. ఏడాదిలో రెండుసార్లు వైండింగు కాలింది. బోరులోకి రెండున్నర ఎంఎం కేబులు చాలని ఒక మెకానిక్, నాలుగు ఎంఎం వేయాలని మరొకరు అంటున్నారు. మంచి ఎంసీబీ (ఎక్కువ కరెంటు పారితే తనంతట తానే తెగే స్విచ్చు) పెడితే ఇక మోటారు కాలదా అని చివర్లో అడిగారు.

సూటిగా జవాబు ఇదీ. బోరులోకి నాలుగు ఎంఎం రాగి కేబులు వేయండి. అంతకంటే ముఖ్యంగా స్తంభం నుంచి డబ్బా దాకా ఉన్న వైరు చూడండి. అక్కడ అల్యూమినియమైతే 10 ఎంఎం, రాగి అయితే 6 ఎంఎం ఉండాలి. (దుకాణంలో ఎంఎం అని అడుగుతాం కానీ అది చదరపు మిల్లీమీటర్ల లెక్క.) ఇక ఎంసీబీ సంగతి: ఎంసీబీ కాపాడేది వైరును, మోటారును కాదు. మోటారును కాపాడేవి సరిగ్గా సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే (మోటారు హద్దు మించి కరెంటు లాగితే స్టార్టరును ఆపేది), ఫేజు పోతే ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్, నీళ్లు లేనప్పుడు ఆపే డ్రై రన్ రక్షణ. మనిషిని కాపాడేవి ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే తెంపే స్విచ్చు), ఎర్తింగు. వీటిలో ఒకదాని పని మరొకటి చేయదు. వరంగల్ చుట్టుపక్కల మోటారు వైండింగు, పొలాల వైరింగు నా వృత్తి. నా దగ్గరకు వచ్చే కాలిన మోటార్లలో చాలావాటికి కారణం ఈ తేడా తెలియకపోవడమే.

కొత్త వైరు కొనేముందు కాలిన వైండింగును చూడండి

రెండుసార్లు కాలిందన్నారు కానీ ఎలా కాలిందో చెప్పలేదు. మోటారు విప్పినప్పుడు మీరు పక్కన ఉండండి. పాత తీగను పారేయకముందే ఫొటో తీయండి. ఎందుకు కాలిందో ఆ తీగే చెబుతుంది.

స్టార్ కనెక్షన్ (మూడు ఫేజుల చుట్ల చివరలు ఒకచోట కలిపిన) మోటారులో రెండు ఫేజుల చుట్లు నల్లగా మాడిపోయి, మూడో ఫేజు చుట్లు కొత్తవాటిలా శుభ్రంగా ఉంటే అది సింగిల్ ఫేజింగ్. అంటే మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు నడుస్తూ కాలింది. డెల్టా కనెక్షన్ (చుట్లు త్రిభుజంలా కలిపినది) అయితే తిరగబడి కనిపిస్తుంది: ఒక ఫేజు చుట్లు మాడి, రెండు ఫేజులు బాగుంటాయి. మూడు ఫేజుల చుట్లూ ఒకే తీరుగా మెత్తబడి రంగు మారి ఉంటే అది ఓవర్‌లోడు, తక్కువ వోల్టేజీ, లేదా మోటారు కదలకుండా బిగుసుకుపోవడం. ఒకే ఒక్క చోట తీగ పేలినట్లు తెగి, మిగతాదంతా బాగుంటే పిడుగుపాటు కావచ్చు, తీగపై ఉన్న తొడుగుకు దెబ్బ తగిలి ఉండవచ్చు. కింద ఉండే థ్రస్టు బేరింగు అరిగి గీతలు పడి ఉంటే నీళ్లు లేకుండా నడిచిందేమోనని అనుమానించాలి.

వైరు మార్చాలా, రిలే మార్చాలా, రెండూ మార్చాలా అన్నది దీన్ని బట్టే తేలుతుంది. మీది సింగిల్ ఫేజింగ్ వల్ల కాలి ఉంటే, నాలుగు ఎంఎం కాదు, పది ఎంఎం కేబులు వేసినా మూడోసారి కాలుతుంది.

వైరు లెక్క

మీ ఇద్దరు మెకానిక్‌లూ బోరు కేబులు గురించే వాదించుకుంటున్నారు. బోరు వరకే చూస్తే మొదటాయన మాటలో తప్పు లేదు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు పూర్తి లోడులో 9 నుంచి 11 ఆంపియర్లు తీసుకుంటుంది, లెక్కకు 10 అనుకుందాం. రెండున్నర ఎంఎం రాగి వైరు కిలోమీటరుకు సుమారు 8 ఓంలు. 90 మీటర్లకు 0.72 ఓం. 1.732ను ఆంపియర్లతోనూ ఓంలతోనూ గుణిస్తే దారిలో పోయే వోల్టులు వస్తాయి: ఇక్కడ 12, మరీ ఎక్కువేమీ కాదు. నాలుగు ఎంఎం అయితే 8 వోల్టులు.

అసలు నష్టం స్తంభానికి, డబ్బాకు మధ్యలో ఉంది. మన దగ్గర చాలామంది అక్కడ సన్నటి అల్యూమినియం సర్వీసు వైరు లాగుతారు. నాలుగు ఎంఎం అల్యూమినియం వైరు కిలోమీటరుకు 7.4 ఓంలు. 150 మీటర్లకు 1.1 ఓం, అంటే 19 వోల్టులు అక్కడే పోతాయి. బోరు కేబులుతో కలిపితే 31. మోటారు నడుస్తున్నప్పుడే ఇంత పోతోంది.

మోటారు లేచేటప్పుడు సంగతి వేరు. డీఓఎల్ స్టార్టరుతో (పూర్తి వోల్టేజీని నేరుగా ఇచ్చేది) లేచే మోటారు మొదటి క్షణాల్లో మామూలుకంటే ఆరేడు రెట్లు కరెంటు లాగుతుంది. సాయంత్రం అందరూ నీళ్లు పెట్టే వేళ మీ స్తంభం దగ్గర 370 వోల్టులే ఉన్నాయనుకోండి. పైన చెప్పిన సన్న వైర్లతో ఆ క్షణంలో మోటారుకు అందేది 290 లోపే. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, ఉండాల్సిన బలంలో సగం కూడా దక్కదు. మోటారు మూలుగుతూ ఆలస్యంగా లేస్తుంది, ఒక్కోసారి లేవదు, అంతసేపూ మామూలుకంటే నాలుగు రెట్లకు పైగా కరెంటు తీగను కాలుస్తూ ఉంటుంది. పైన 10 ఎంఎం అల్యూమినియం, కింద నాలుగు ఎంఎం రాగి వేస్తే అదే సాయంత్రం మోటారుకు సుమారు 325 వోల్టులు అందుతాయి, బలం 60 శాతం దాటుతుంది. నడిచేటప్పుడు పోయేది మొత్తం 16 వోల్టులు, 415లో నాలుగు శాతం లోపు. స్తంభం నుంచి మోటారు దాకా ఐదు శాతం మించకుండా చూసుకోవడం నా పద్ధతి.

రెండు వైర్లలో ఒక్కదాని మీదే డబ్బు పెట్టగలిగితే పైవైరు (స్తంభం నుంచి డబ్బా దాకా ఉన్నది) మీద పెట్టండి. బోరులో ఉన్న రెండున్నర ఎంఎం కేబులు తొడుగు బాగుంటే తర్వాత మోటారు పైకి తీసినప్పుడు మార్చుకోవచ్చు. 10 ఎంఎం అల్యూమినియంతో కలిపి లెక్కిస్తే అప్పుడు కూడా ఐదు శాతం దగ్గరే ఆగుతుంది.

ఐఎస్ఐ ముద్ర ఉన్న వైరే కొనండి. వరంగల్ మార్కెట్లో 'నాలుగు ఎంఎం' అని అమ్మే కొన్ని వైర్లను కోసి కొలిస్తే లోపలి రాగి మూడు ఎంఎం కూడా ఉండదు. కట్ట బరువు చూడటం, ఒక పోగును మైక్రోమీటరుతో కొలిచి పోగుల సంఖ్యతో లెక్కగట్టడం మంచి అలవాటు.

అతుకుల దగ్గరే ఎక్కువగా కాలుతుంది

పర్వతగిరి వైపు ఒక రైతుకు ఒకే పంట కాలంలో మోటారు మళ్లీ మళ్లీ కాలింది. ప్రతిసారీ వైండింగు సరిగా చేయలేదని రివైండింగు షాపు మీదే నింద. నేను వెళ్లి స్టార్టరు డబ్బా మూత తీశాను. మూడు టెర్మినళ్లలో బ్లూ ఫేజు దగ్గర బేకలైటు గోధుమ రంగుకు తిరిగి అంచు పెళుసుబారింది. స్క్రూ కింద అల్యూమినియం తీగ, రాగి తీగ రెండూ కలిపి మెలిపెట్టి బిగించారు. తీగ మీద తెల్లటి పొడి పేరుకుంది. వేలితో తాకితే స్క్రూ వదులుగా ఆడింది. చల్లగా ఉన్నప్పుడు మూడు ఫేజులూ వస్తున్నాయి, మోటారు అరగంట నడిచి వేడెక్కగానే ఆ ఒక్క ఫేజు వదిలేస్తోంది. రాగి, అల్యూమినియం నేరుగా తగిలితే తేమకు అల్యూమినియం తినేసుకుపోతుంది. పైగా అల్యూమినియం బిగింపు కింద మెల్లగా నలిగి సన్నబడుతుంది, కాబట్టి నెలల తర్వాత స్క్రూ తనంతట తానే వదులవుతుంది.

దీనికి ఖర్చు తక్కువే: రాగి, అల్యూమినియం రెండూ ఉన్న బైమెటల్ లగ్గులు (తీగ చివర బిగించే ముక్కలు), వాటిని తీగ మీద నొక్కి బిగించే సరైన క్రింపింగు పనిముట్టు. కటింగ్ ప్లేయరుతో నొక్కితే క్రింపింగు కాదు. ఏడాదికి రెండుసార్లు, వానాకాలం ముందు ఒకసారి, యాసంగి నాట్లకు ముందు ఒకసారి, కరెంటు పూర్తిగా ఆపి అన్ని స్క్రూలూ బిగించుకోండి.

బోరు లోపల కేబులు అతుకు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. మూడు తీగలనూ ఒకే చోట అతకకుండా మెట్లు మెట్లుగా, ఒక్కొక్కటి కొద్ది దూరంలో అతకాలి. రాగి ఫెర్రూల్ (రెండు తీగలను కలిపే చిన్న గొట్టం) వేసి క్రింప్ చేసి, ముందు తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ సగం మీద సగం పడేలా చుట్టాలి, దానిపైన పీవీసీ టేపు. తర్వాత అతుకును బకెట్ నీళ్లలో ముంచి మెగ్గర్‌తో (తొడుగు గుండా కరెంటు లీకవుతోందా అని కొలిచే పరికరం) చూసి, అప్పుడే మోటారు దించాలి. దించేటప్పుడు బండరాయి అంచుకు కేబులు ఒరుసుకోకుండా పైపుకు కొద్ది దూరానికోసారి కట్టాలి.

ఎంసీబీ ఎంత పెట్టాలి

మీ మోటారుకు మూడు పోల్స్ ఎంసీబీ, సీ కర్వ్, 25 ఆంపియర్లు. (కర్వ్ అంటే ఎన్ని రెట్ల కరెంటుకు వెంటనే పడుతుందో చెప్పే రకం.) దీన్ని స్తంభం దగ్గరే, మీ వైరు మొదలయ్యే చోట పెట్టండి. అప్పుడే 150 మీటర్ల వైరుకు కూడా రక్షణ ఉంటుంది.

మోటారుకు డీ కర్వ్ పెట్టాలని కొందరు చెబుతారు. దగ్గర్లో ఉన్న మిల్లు మోటారుకు అది సరైన మాటే, డీ కర్వ్ ఎంసీబీ లేచేటప్పటి కరెంటుకు అనవసరంగా పడిపోదు. పొడవైన బోరు లైనులో మాత్రం ఒక చిక్కుంది. మోటారు దగ్గర రెండు ఫేజులు తగిలితే, వైరు నిరోధం వల్ల ప్రవహించే షార్ట్ కరెంటు 230 ఆంపియర్ల లోపే ఉంటుంది. సీ కర్వ్ 25 ఎంసీబీ 125 నుంచి 250 ఆంపియర్ల మధ్య ఎక్కడో వెంటనే పడుతుంది, కాబట్టి ఈ షార్టుకు చాలావరకు పడిపోతుంది. డీ కర్వ్ 20 అయితే ఆ పరిధి 200 నుంచి 400, కాబట్టి అది వెంటనే పడుతుందన్న హామీ లేదు, కొన్ని సెకన్లు పట్టవచ్చు. ఇక 'మాటిమాటికీ పడుతోంది' అని 63 ఆంపియర్ల ఎంసీబీ పెట్టేవాళ్లున్నారు. ఆ షార్టును అది వేడెక్కి తెంపే లోపు కేబులు తొడుగు కరిగిపోతుంది.

పాత కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉంటే తీసేయమంటాను. వాటిలో సర్వీసు వైరు పోగులు మెలిపెట్టి వేయడం మన పల్లెల్లో అందరికీ అలవాటైపోయింది. ఒక ఫ్యూజు పోతే మిగతా రెండు ఫేజుల మీద మోటారు నడుస్తుంది, సింగిల్ ఫేజింగుకు అది రాజమార్గం. మూడు పోల్స్ ఎంసీబీ పడితే మూడూ ఒకేసారి తెగుతాయి.

ఓవర్‌లోడ్ రిలే ఎక్కడ సెట్ చేయాలి

నేమ్‌ప్లేటు మీద ఉన్న ఆంపియర్లే హద్దు, దాన్ని దాటకూడదు. స్టార్టరు మాటిమాటికీ పడిపోతోందని రిలే బుడిపెను చివరిదాకా తిప్పేయడం నేను చూసే అతి మామూలు తప్పు. సబ్‌మెర్సిబుల్ మోటారు సన్నగా, పొడవుగా ఉంటుంది, బిగుసుకుపోతే క్షణాల్లో వేడెక్కుతుంది. అందుకే రిలే 10వ తరగతిది కావాలి. ఆలస్యంగా తెంపే 20, 30 తరగతులు దీనికి పనికిరావు.

కెపాసిటర్ ఉన్నవాళ్లు ఒకటి గమనించాలి. 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ పెడతాం, అది సుమారు 2.8 ఆంపియర్లు. దాన్ని రిలే దాటాక మోటారు వైపు కలిపితే రిలే గుండా వెళ్లే కరెంటు తగ్గిపోతుంది. మోటారు 10 ఆంపియర్లు తీసుకుంటున్నా, 0.8 పవర్ ఫ్యాక్టరు దగ్గర రిలేకు 8.6 మాత్రమే కనిపిస్తుంది. అప్పుడు రిలేను 10 దగ్గర ఉంచితే మోటారు ఓవర్‌లోడులో ఉన్నా రిలే ఊరుకుంటుంది. 8.6 దగ్గర పెట్టాలి. కెపాసిటర్ రిలేకు ముందు ఉంటే ఈ లెక్క అక్కర్లేదు.

మీ ఊళ్లో ఎవరికైనా 10 హెచ్‌పీ స్టార్ డెల్టా స్టార్టరు ఉంటే, రిలే ఫేజు తీగల్లో ఉన్నప్పుడు నేమ్‌ప్లేటు ఆంపియర్లను 0.58తో గుణించి సెట్ చేయాలని చెప్పండి. అది తెలియక పూర్తి ఆంపియర్లు పెట్టి మోటార్లు కాల్చుకున్నవాళ్లు చాలామంది.

సింగిల్ ఫేజింగ్: వోల్టేజీ చూసే పరికరాన్ని నమ్ముకోకండి

11 కేవీ లైనులో ఒక ఫ్యూజు పోవడం, ఏబీ స్విచ్ (స్తంభం మీది లైను స్విచ్చు) ఒక బ్లేడు సరిగా పడకపోవడం, చెట్టు కొమ్మ తగిలి ఒక తీగ తెగడం మనకు గాలివాన పడ్డ ప్రతిసారీ మామూలే. చవకగా దొరికే ప్రివెంటర్లు మూడు ఫేజుల వోల్టేజీ మాత్రమే చూస్తాయి. మోటారు నడుస్తూ ఉండగా ఒక ఫేజు పోతే, తిరుగుతున్న మోటారే ఆ ఖాళీ ఫేజులో వోల్టేజీ పుట్టిస్తుంది. పక్క పొలాల మోటార్లూ అదే పని చేస్తాయి. దాంతో పరికరానికి మూడు ఫేజులూ ఉన్నట్లే కనిపిస్తుంది, మోటారు మాత్రం లోపల కాలుతూనే ఉంటుంది. కరెంటు చూసే ప్రివెంటర్ కొనండి, అంటే తీగలు దాని రింగుల గుండా వెళ్లే రకం. దానిలోనే డ్రై రన్ రక్షణ కూడా ఉన్నవి దొరుకుతాయి.

డ్రై రన్‌కు అంకె ముందే చెప్పలేం, మీ బోరు దగ్గరే కొలవాలి. నీళ్లు నిండుగా పోస్తున్నప్పుడు టాంగ్ టెస్టరుతో (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే పరికరం) ఆంపియర్లు చూడండి, అందులో 80 నుంచి 85 శాతం దగ్గర సెట్ చేయండి. మార్చి దాటాక నీటిమట్టం దిగినప్పుడు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. సబ్‌మెర్సిబుల్ మోటారు బేరింగులకు నీరే కందెన, నీరే చల్లదనం. ఎండిన బోరులో నడిస్తే ముందు పంపు, ఆ తర్వాత బేరింగు, చివరికి వైండింగు పోతాయి.

మూడు ఫేజులూ ఉన్నా సమంగా లేకపోతే కూడా ఇబ్బందే. మీకు 400, 414, 386 వోల్టులు వస్తున్నాయనుకోండి. సగటు 400, ఎక్కువ తేడా 14, అంటే మూడున్నర శాతం. చిన్న తేడాగా కనిపిస్తుంది కానీ వైండింగు వేడి పెరుగుదల సుమారు పాతిక శాతం ఎక్కువవుతుంది. కరెంట్లలో తేడా వోల్టేజీ తేడాకు చాలా రెట్లు ఉంటుంది. తప్పు సరఫరాదా, మోటారుదా అని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది: కరెంటు ఆపి, స్టార్టరు దగ్గర మోటారు తీగలు మూడింటినీ వరుస తప్పకుండా ఒక్కో స్థానం జరపండి. తిరిగే దిశ మారదు. ఎక్కువ కరెంటు అదే సరఫరా ఫేజులో ఉండిపోతే తప్పు లైనుది, లైన్‌మన్‌కు చెప్పండి. మోటారు తీగతో పాటు జరిగితే తప్పు మోటారుదో కేబులుదో.

ఆర్‌సీసీబీ, ఎర్తింగు: దీన్ని దాటేసి చదవకండి

ప్రతి వానాకాలం మన జిల్లాల్లో స్టార్టరు డబ్బా ముట్టుకుని, తడి వైరు తొక్కి రైతులు చనిపోయిన వార్తలు వస్తూనే ఉన్నాయి. వాళ్లలో కొందరికి ఎర్తింగు ఉండి ఉంటుంది కూడా. ఎర్తు ఉన్నా ఎందుకు చనిపోతారో చెబుతాను.

మీ ఎర్తు గుంత నిరోధం 20 ఓంలు అనుకుందాం. చల్కా నేలలో, ఎండాకాలంలో అది ఇంకా ఎక్కువే ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్తు 5 ఓంలు. ఇనుప డబ్బాకు ఒక ఫేజు తగిలింది. 240 వోల్టులను 25 ఓంలతో భాగిస్తే భూమిలోకి పోయే కరెంటు తొమ్మిదిన్నర ఆంపియర్లు. 25 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, ఎన్ని గంటలైనా పడదు. అంతసేపూ మీ డబ్బా మీద 190 వోల్టులు నిలబడి ఉంటాయి.

ఇక్కడ పనికొచ్చేది ఆర్‌సీసీబీ ఒక్కటే. లోపలికి వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమంగా ఉన్నాయా లేవా అన్నదే అది చూస్తుంది. 100 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే పై తొమ్మిదిన్నర ఆంపియర్లకు కన్ను మూసి తెరిచేలోగా పడిపోతుంది. ఎర్తు బాగా లేకపోయినా, వంద రెండు వందల ఓంలు ఉన్నా పని చేస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లది ఇంకా మంచిదే, అయితే పొడవైన కేబులు, పాత వైండింగు ఉన్న బోరు మోటారులో సహజంగా ఉండే చిన్న లీకేజీకే అది పడిపోతూ ఉంటుంది. అలా పడుతోందని రైతు దాన్ని తీసి నేరుగా కలిపేస్తే అసలుకే మోసం. కాబట్టి మోటారుకు 100, గుడిసెలో బల్బుకు, ప్లగ్గుకు వేరుగా 30 పెట్టమంటాను.

ఆర్‌సీసీబీని కూడా ఎంసీబీతో పాటు స్తంభం దగ్గరే, ప్లాస్టిక్ లేదా ఫైబరు డబ్బాలో పెట్టండి. ఇనుప స్టార్టరు డబ్బా లోపల పెడితే, దానికి ముందున్న తీగ డబ్బాకు తగిలినప్పుడు అది ఏమీ చేయలేదు. న్యూట్రల్ లేని చోట నాలుగు పోల్స్ ఆర్‌సీసీబీ లీకేజీకి పని చేస్తుంది, కానీ టెస్టు బటన్ పని చేయడం కనెక్షన్ ఇచ్చిన తీరును బట్టి ఉంటుంది. దాని మీదున్న బొమ్మ చూసి కలిపించండి, నెలకోసారి ఆ బటన్ నొక్కండి.

ఎర్తు గుంతలు రెండు ఉండాలి, ఒకదానికొకటి దూరంగా. మోటారు చట్రాన్ని విడివిడిగా రెండు తీగలతో ఎర్తు చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. రెండున్నర మీటర్ల జీఐ పైపు దింపి, ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండండి. ఇంకొక సంగతి చాలామందికి తట్టదు: బోరు కేబులులో మూడు తీగలే ఉంటాయి, ఎర్తు తీగ ఉండదు. పాత రోజుల్లో ఇనుప పైపే ఆ పని చేసేది. ఇప్పుడు నల్ల హెచ్‌డీపీఈ పైపు వేస్తున్నాం, దానిలో కరెంటు పారదు. అందుకని మోటారు నుంచి వేరుగా ఒక ఎర్తు తీగ పైకి తెచ్చుకోవాలి.

ఫేజుకు, ఎర్తు కడ్డీకి మధ్య బల్బు వేసుకునే పని దయచేసి మానండి, మానిపించండి. ఆ ఎర్తు తీగ ఎక్కడైనా తెగితే దానికి కలిపిన ప్రతి ఇనుప వస్తువులోకీ బల్బు గుండా కరెంటు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే మీరు చేయి పెట్టవద్దు. 1912కు ఫోను చేయండి, లైన్‌మన్ వచ్చేదాకా పొలం ఆగుతుంది.

ఆటో స్టార్టరు

కరెంటు రాగానే మోటారును తనంతట తానే లేపేది ఆటో స్టార్టరు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పటి నుంచి దీని అవసరం పోయింది, ప్రభుత్వం కూడా అప్పట్లో తీసేయమని ఊరూరా చెప్పింది. నేను తీసేయమనడానికి కారణం వైరింగు వైపు నుంచి. 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి సామర్థ్యం సుమారు 84 ఆంపియర్లు. దాని మీద ఎనిమిది 5 హెచ్‌పీ మోటార్లు నడుస్తుంటేనే నిండిపోతుంది. కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఎనిమిదీ ఒకేసారి లేస్తే 480 ఆంపియర్లు అడుగుతాయి. వోల్టేజీ పడిపోతుంది, ఒక్క మోటారూ సరిగా లేవదు, ఫ్యూజు పోతుంది, ఆ వెంటే సింగిల్ ఫేజింగ్. ఎవరైనా బోరు దగ్గర పని చేస్తుండగా మోటారు తనంతట తాను లేవడం ఇంకో ప్రమాదం. తప్పదనుకుంటే ఒక్కొక్కరు వేర్వేరు ఆలస్యం పెట్టుకునేలా టైమరు ఉన్నది తీసుకుని, పక్క రైతులతో మాట్లాడుకుని సెట్ చేసుకోండి.

డబ్బు ఒకేసారి లేకపోతే

నేను చెప్పే వరుస ఇది: మొదట ఆర్‌సీసీబీ, ఎర్తింగు. తర్వాత కరెంటు చూసే ప్రివెంటర్, రిలే సెట్టింగు, లగ్గులు. ఆ తర్వాత పైవైరు. చివరగా బోరు కేబులు. మోటారు మూడోసారి రివైండింగుకు పెట్టే డబ్బుతో మొదటి రెండూ చాలావరకు అయిపోతాయి.

మోటారు దించే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో తీగలకు, చట్రానికి మధ్య కొలిపించండి. కొత్త వైండింగు పదుల మెగా ఓంలు చూపాలి. దించాక, కేబులుతో కలిపి మళ్లీ కొలవండి. ఆ అంకెను, నీళ్లు పోస్తున్నప్పుడు మూడు ఫేజుల ఆంపియర్లను, వోల్టులను డబ్బా మూత లోపల పెయింటుతో రాసి పెట్టండి. రేపు ఎవరు రిపేరుకు వచ్చినా వాటితో పోల్చి చూస్తారు. మెగ్గర్ అంకె ఒక మెగా ఓం కిందికి దిగితే కేబులు అతుకునో మోటారునో అనుమానించండి, అర మెగా ఓం కంటే కిందికి పడిపోతే మోటారు పైకి తీయించండి.

మీ నేమ్‌ప్లేటు ఫొటో, కాలిన వైండింగు ఫొటో, ఉదయం ఒకసారి సాయంత్రం ఒకసారి స్తంభం దగ్గర మూడు ఫేజుల వోల్టేజీ పెడితే, రిలేను ఏ అంకె దగ్గర ఉంచాలో, రెండుసార్లు ఎందుకు కాలిందో చూసి చెబుతాను. వోల్టేజీ కొలిచే పని మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, మీరు చేయవద్దు.